కంట్రోల్ ఏది, వేరియబుల్ ఏది? సైన్స్ ఫెయిర్ ప్రయోగాల మీద సందేహాలు

దేవరకొండ_టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెప్తాను. 8, 9 తరగతుల పిల్లలు సైన్స్ ఫెయిర్ కోసం నాలుగు ప్రయోగాలు ఎంచుకున్నారు. చేయడం వరకు ఇబ్బంది లేదు. చార్టు మీద కంట్రోల్ (పోల్చి చూడ్డానికి పెట్టేది), స్వతంత్ర చరరాశి (మనం మార్చేది), పరతంత్ర చరరాశి (దాంతో పాటు మారిందా అని కొలిచేది) అని మూడు గళ్లు గీసి నింపమంటే మాత్రం ఒక్కో గ్రూపు ఒక్కో తీరుగా రాస్తోంది.

1. మూడు ప్లేట్లలో పెసలు. ఒకదానికి క్యాన్ నీళ్లు, ఒకదానికి బోరు నీళ్లు, ఒకదానికి ఉప్పు నీళ్లు. పిల్లలు క్యాన్ నీళ్ల ప్లేటునే కంట్రోల్ అని రాశారు. ఎందుకంటే "అవి మంచి నీళ్లు కదా టీచర్" అంటున్నారు.

2. సీసాలో ఈస్టు, చక్కెర, గోరువెచ్చని నీళ్లు పోసి మూతికి బెలూన్ తొడుగుతారు. పోల్చడానికి పెట్టే రెండో సీసాలో ఏం పోయాలి?

3. చెరువు నీళ్లలో పటిక వేసి మట్టి తేరుకోవడం చూపిస్తారు. పటిక వేయని గ్లాసును కదపకుండా పక్కన పెట్టి అదే కంట్రోల్ అంటున్నారు. ఇంకో మాట, పటికతో ఫ్లోరైడ్ కూడా పోతుందని చార్టులో రాద్దామంటున్నారు. రాయనివ్వొచ్చా?

4. చెల్క నేల (తేలికపాటి ఎర్ర నేల), రేగడి, ఇసుక. ఏది ఎక్కువ నీళ్లు పట్టి ఉంచుతుంది? ఇందులో అసలు కంట్రోల్ అంటూ ఉందా?

మా దగ్గర 100 మి.లీ. కొలజాడీ, థర్మామీటరు, ఒక గ్రాము వరకు చూపే వంటింటి తూకం, సూది లేని 10 మి.లీ. సిరంజిలు ఉన్నాయి. కొలతలతో సహా చెప్తే మేలు.

పాలమూరు_బయాలజీ

టీచర్ గారూ, ముందు ప్లేట్లు పక్కన పెట్టి ప్రశ్నను ఒకే ఒక్క వాక్యంలో రాయించండి. ప్రశ్న తేలితేనే కంట్రోల్ తేలుతుంది. "ఉప్పు వల్ల పెసలు మొలకెత్తడం తగ్గుతుందా?" అన్నది ప్రశ్న అయితే, ఉప్పు తప్ప మిగతావన్నీ ఉన్న ప్లేటే కంట్రోల్. "బోరు నీళ్లకూ క్యాన్ నీళ్లకూ తేడా ఉందా?" అన్నది వేరే ప్రశ్న. మీ పిల్లల మూడు ప్లేట్లలో ఈ రెండూ కలిసిపోయాయి.

ఉప్పును ఏ నీళ్లలో కలిపారో అడగండి. బోరు నీళ్లలో కలిపి క్యాన్ నీళ్లతో పోలిస్తే ఒకేసారి రెండు సంగతులు మారినట్టు: బోరులో ముందే కరిగి ఉన్న లవణాలు ఒకటి, పిల్లలు వేసిన ఉప్పు రెండోది. మొలకలు తగ్గితే దేనివల్ల తగ్గాయో చెప్పలేరు. మన జిల్లాల్లో ఇది చిన్న తేడా కాదు. తాగునీటికి భారత ప్రమాణాల్లో టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న మొత్తం పదార్థాలు) మేలైన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, దాన్ని దాటిన బోర్లు మన వైపు చాలానే ఉన్నాయి. కాబట్టి ఉప్పును బోరు నీళ్లలో కలిపితే కంట్రోల్ కూడా అదే బిందెలోని బోరు నీళ్లే. తాగడానికి అవి మంచివా కావా అన్నదానితో పని లేదు.

కొలతలు ఇలా పెట్టుకోండి. ఒక లీటరు బోరు నీళ్లలో 10 గ్రాముల ఉప్పు కరిగించండి. ప్యాకెట్ ఉప్పే వాడండి, చెమ్మ పట్టిన కల్లుప్పు తూకంలో మోసం చేస్తుంది. ఈ ద్రావణం 500 మి.లీ.కి బోరు నీళ్లు 500 మి.లీ. కలిపితే లీటరుకు 5 గ్రాములు. 250 మి.లీ.కి 750 మి.లీ. కలిపితే 2.5 గ్రాములు. పలుచన చేసేటప్పుడు కూడా బోరు నీళ్లే పోయాలి, ఇక్కడ క్యాన్ నీళ్లు పోస్తే మళ్లీ మొదటికొస్తుంది. అంటే 0, 2.5, 5, 10 అని నాలుగు మోతాదులు. 0 కంట్రోల్. లీటరుకు ఎన్ని గ్రాముల ఉప్పు అన్నది స్వతంత్ర చరరాశి. మొలకెత్తిన గింజల సంఖ్య పరతంత్ర చరరాశి.

ఒక్కో మోతాదుకు నాలుగు ప్లేట్లు, ప్లేటుకు 25 గింజలు. గింజలన్నీ ఒకే సంచిలోవి కావాలి, పగిలినవి, పుచ్చినవి ముందే ఏరేయాలి. విత్తనాల దుకాణంలో మందు పట్టించి అమ్మే రంగు విత్తనం వద్దు, పిల్లలు చేత్తో ముట్టుకుంటారు. నానబెట్టడం కూడా ఏ మోతాదు గింజలను ఆ నీళ్లలోనే, ఆరు గంటలు. అన్నిటినీ మామూలు నీళ్లలో నానబెట్టి తర్వాత ఉప్పు నీళ్లు చల్లితే గింజ అప్పటికే నీళ్లు తాగేసి ఉంటుంది, ఉప్పు ప్రభావం సగం కనబడదు. ప్లేటులో రెండు పొరల టిష్యూ పేపరు పరిచి, తడి ఉండేలా, వంచితే మాత్రం నీళ్లు కారకుండా ఉండేలా పోయండి. నీళ్లు నిలిస్తే గాలి అందక గింజలు కుళ్లిపోతాయి.

ఎక్కువమంది పట్టించుకోని చోటు ఒకటుంది. మన ఎండలకు టిష్యూ తొందరగా ఆరుతుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ప్లేటులోనే మిగులుతుంది. ఆరింది కదా అని మళ్లీ ఉప్పు నీళ్లు పోస్తే 5 గ్రాముల ప్లేటు కాస్తా రెండో రోజుకు ఎంత ఉప్పుతో ఉందో ఎవరూ చెప్పలేరు. ప్లేట్లన్నిటినీ పాలిథిన్ కవర్లలో పెట్టి మూతి మడవండి. అయినా ఆరితే, అన్ని ప్లేట్లకూ, కంట్రోల్‌తో సహా, ఒకే కొలతలో క్యాన్ నీళ్లు చిలకరించండి. పోయిన నీటిని మాత్రమే తిరిగి ఇచ్చినట్టవుతుంది.

24, 48, 72 గంటలకు లెక్కించండి. మొలక అంటే ఏమిటో ముందే రాసి పెట్టుకోండి: వేరు మొన 2 మి.మీ. బయటికి వస్తే మొలక, లేకపోతే కాదు. పెసల్లో నీళ్లు పీల్చకుండా రాయిలా మిగిలే గట్టి గింజలు కొన్ని ఉంటాయి, వాటి లెక్క విడిగా రాయండి.

ఫలితం చదివేటప్పుడు ముందు కంట్రోల్ ప్లేట్లు నాలుగూ చూడండి. వాటిలో వాటికే 21, 24, 22, 23 అని తేడా ఉంటే, 2.5 గ్రాముల ప్లేట్లో 22 వచ్చిందని ఉప్పు పని చేసిందనకూడదు. 25 గింజల్లో ఒక్క గింజ అంటే 4 శాతం. పెసల విత్తనానికి ధ్రువీకరణ ప్రమాణం కనీసం 75 శాతం మొలక. మీ కంట్రోల్ అంతకంటే బాగా కిందికి పడితే గింజ పాతది, వేరే సంచి తెచ్చి మళ్లీ మొదలుపెట్టాలి.

బెంచి_నంబర్_3

రెండోదానికి చిన్న జవాబు. "చక్కెర వల్లే గ్యాసు వస్తోందా?" అంటే కంట్రోల్ సీసాలో ఈస్టు, నీళ్లు ఉంటాయి, చక్కెర ఉండదు. "ఈస్టు వల్లే వస్తోందా?" అంటే చక్కెర, నీళ్లు ఉంటాయి, ఈస్టు ఉండదు. రెండూ పెట్టడం మంచిది, ఖర్చేమీ లేదు. అరలీటరు సీసా, 200 మి.లీ. నీళ్లు, 5 గ్రాముల డ్రై ఈస్టు, 10 గ్రాముల చక్కెర చాలు.

నీళ్లు 40 డిగ్రీల దగ్గర ఉండాలి, చేత్తో చూసి సరిపెట్టొద్దు. 60 డిగ్రీల నీళ్లు పోస్తే ఈస్టు చచ్చిపోయి ఏ సీసా ఉబ్బదు. వేడి నీటి పైనున్న గాలి కూడా వ్యాకోచించి బెలూన్‌ను కాస్త నిలబెడుతుంది. ఈస్టు లేని సీసా ఉంటేనే ఆ కాస్త ఎంతో తెలుస్తుంది. బెలూన్లను ముందే రెండుసార్లు ఊది వదలాలి, కొత్త రబ్బరు బిగుతు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. కొలత బెలూన్ చుట్టుకొలత, దారం చుట్టి స్కేలు మీద పెట్టి, పది నిమిషాలకొకసారి.

నీళ్ల_ల్యాబ్

పటిక గురించి కాస్త వివరంగా చెప్పాలి.

కదపకుండా పెట్టిన గ్లాసు కంట్రోల్ కాదండి. పటిక వేసిన గ్లాసును మీరు కలుపుతారు. కలపడం వల్లనే మట్టి రేణువులు ఒకదానికొకటి తగిలే తీరు మారుతుంది, అడుగున చేరినది మళ్లీ పైకి లేస్తుంది. కలపని గ్లాసుకేమో తేరుకోవడానికి అంతసేపు అదనంగా దొరికింది. పటిక వేయని గ్లాసును కూడా అంతే వేగంతో, అంతే సేపు, అలాంటి చెంచాతోనే కలపండి. అప్పుడు మిగిలే తేడా పటిక ఒక్కటే.

మోతాదులు మిల్లీగ్రాముల్లో ఉంటాయి, మీ తూకానికి అందవు. అందుకని 10 గ్రాముల పటిక పొడి చేసి ఒక లీటరు నీళ్లలో కరిగించండి. ఇందులో ఒక మి.లీ.కి 10 మిల్లీగ్రాముల పటిక. అయిదు గ్లాసుల్లో బాగా కలియబెట్టిన చెరువు నీళ్లు 500 మి.లీ. చొప్పున పోసి, సిరంజితో 0, 0.5, 1, 2, 4 మి.లీ. ద్రావణం వేస్తే లీటరుకు 0, 10, 20, 40, 80 మిల్లీగ్రాములవుతుంది. ద్రావణంతో పాటు నీళ్లూ చేరుతున్నాయి కదా, తక్కువ పడిన గ్లాసులకు మామూలు నీళ్లు చేర్చి అన్నిటికీ 4 మి.లీ. సరిచేయండి. కంట్రోల్‌కు పూర్తి 4 మి.లీ. నీళ్లే. చిన్న పనిలా అనిపిస్తుంది గానీ, న్యాయనిర్ణేత అడిగితే పిల్ల తడుముకోకుండా చెప్పగలదు.

ఒక నిమిషం గట్టిగా, తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా కలిపి, అరగంట వదిలేయాలి. గట్టిగా కలిపేది పటిక అంతటా పరుచుకోవడానికి, నెమ్మదిగా కలిపేది రేణువులు జట్టుకట్టి గుజ్జు కావడానికి. రెండోదాంట్లో తొందరపడి గట్టిగా తిప్పితే కట్టిన గుజ్జు చెదిరిపోయి "పటిక పని చేయలేదు" అనుకుంటారు. గ్లాసుకొక చెంచా పెట్టండి. ఒకే చెంచా అయితే 0 నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి, లేదంటే కంట్రోల్‌లోకి పటిక చేరుతుంది.

తేటను కంటితో చూసి "బాగుంది" అని రాయొద్దు. అడుగు పారదర్శకంగా ఉన్న కొలజాడీ కింద తెల్లకాగితం మీద నల్ల ఇంటూ గుర్తు పెట్టి, గ్లాసులో పైనుంచి అయిదు సెంటీమీటర్ల లోతున సిరంజితో నీళ్లు తీసి జాడీలో పోస్తూ పైనుంచి చూడండి. గుర్తు కనుమరుగైన మట్టం ఎన్ని మి.లీ. అన్నదే కొలత. నిండా పోసినా కనబడుతుంటే "100 పైన" అని రాయండి. చూసేది ఒకే పిల్లవాడు, ఒకే వెలుతురు, ఏ గ్లాసు నీళ్లో అతనికి తెలియకూడదు. వేరే పిల్లలు గ్లాసులకు క, చ, ట, త, ప అని గుర్తులు వేసి చీటీ దాచిపెడితే సరిపోతుంది. తెలిస్తే కంట్రోల్ దగ్గర గుర్తు తొందరగా మాయమైనట్టు, 80 దగ్గర ఇంకా కనబడుతున్నట్టు అనిపిస్తుంది. అబద్ధమాడుతున్నాడని కాదు, మసకలో కన్ను ఆశించినదాన్నే చూస్తుంది.

ఇక ఫ్లోరైడ్. దయచేసి అలా రాయనివ్వొద్దు. ఫ్లోరైడ్ నీళ్లలో పూర్తిగా కరిగి ఉంటుంది. రంగు లేదు, మురికీ కాదు. నీళ్లు తేటపడ్డాయంటే ఫ్లోరైడ్ గురించి ఏమీ తెలిసినట్టు కాదు. మర్రిగూడ వైపు మనుషుల ఎముకలు వంచిన నీళ్లు కూడా చూడ్డానికి తేటగానే ఉండేవి. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించి, మన జిల్లా పేరుతోనే పిలిచే, ఫ్లోరైడ్ తీసేసే నల్లగొండ పద్ధతిలో పటికతో పాటు సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడతారు నిజమే. అక్కడ పటిక మోతాదు లీటరుకు వందల మిల్లీగ్రాముల్లో ఉంటుంది, నీటిలోని ఫ్లోరైడ్‌నూ క్షారతనూ కొలిచి నిర్ణయిస్తారు. మీ 10, 20 మిల్లీగ్రాముల గ్లాసుకు అది వర్తించదు.

ఫ్లోరైడ్ ప్రశ్నే కావాలనుకుంటే పరతంత్ర చరరాశి మారిపోతుంది, ప్రతి గ్లాసులోనూ ఫ్లోరైడ్ కొలవాలి. హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5. కొలతకు కూడా కంట్రోళ్లు కావాలి: ఫ్లోరైడ్ లేని డిస్టిల్డ్ వాటర్ ఒకటి, ఎంత ఉందో తెలిసిన ద్రావణం ఒకటి. మొదటిది సున్నా, రెండోది ఉండాల్సినంత చూపిస్తేనే మిగతా అంకెలు నమ్మాలి. రంగు మార్పుతో కొలిచే స్పాడ్స్ (SPADNS) పద్ధతిలో ఇంకో చిక్కు కూడా ఉంది. శుద్ధి చేసిన నీళ్లలో మిగిలిన అల్యూమినియం ఆ రంగు చర్యకు అడ్డుపడి, ఫ్లోరైడ్ ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. శుద్ధి జరగకపోయినా జరిగినట్టే కనబడుతుంది. దాన్ని పట్టుకోవాలంటే శుద్ధి చేసిన నీళ్లలో తెలిసినంత ఫ్లోరైడ్ కలిపి మళ్లీ కొలవాలి. కలిపినంతా తిరిగి కనబడకపోతే అంకె చెల్లదు. ఇది బడి ల్యాబ్‌లో అయ్యే పని కాదు, నీటి పరీక్షల ల్యాబ్‌కు నమూనాలు పంపాలి. పిల్లలు ఈ నీళ్లు ఏ గ్లాసువైనా తాగకూడదు.

చెల్క_రైతు

నాలుగోదాని సంగతి చెప్త. మూడు నేలలు పక్కపక్కన పెట్టి చూస్తున్నరు, అది పోలిక. అందుల ఒక నేలను పట్టుకొని ఇది కంట్రోల్ అని బలవంతంగ రాయిస్తె తప్పు. "ఏ నేల" అన్నదే స్వతంత్ర చరరాశి, పట్టి ఉంచిన నీళ్లు పరతంత్ర చరరాశి. అయితె కంట్రోల్ ఇంకోకాడ ఉంటది.

సీసా సగం కోసి గరాటు లెక్క చేసి, మూతికి గుడ్డ కట్టి, అందుల 100 గ్రాముల మన్ను పోసి పైనుంచి 100 మి.లీ. నీళ్లు పోస్తరు కదా. గుడ్డ గూడ నీళ్లు తాగుతది, సీసా గోడకు గూడ అంటుకుంటయి. మన్ను లేకుంట ఉత్త గుడ్డ కట్టిన గరాటు ఒకటి పెట్టి అండ్ల గూడ 100 పోయిండ్రి. కిందికి 94 దిగితె 6 మి.లీ. గుడ్డ, సీసావి. అన్ని నేలల లెక్కలకెళ్లి ఆ 6 తీసెయ్యాలె. ఆ ఉత్త గరాటే మీ కంట్రోల్.

మన్ను ముందుగల్ల మూడూ ఒక్కతీరుగ ఎండాలె. పేపరు మీద పలుచగ పరిచి, ఒక్కకాడనే, అన్ని రోజులే. చెరువు కట్ట కాడ తెచ్చిన పచ్చి రేగడి, ఎండిన చెల్క మన్ను పోలిస్తె రేగడి తక్కువ తాగినట్టు కనబడ్తది. రేగడి పెళ్లలు దంచి, మూడింటినీ ఒకే జల్లెడ పట్టాలె. పెళ్లలట్లనే ఉంటె నీళ్లు సందుల్లకెళ్లి జారిపోతయి, రేగడి నీళ్లు పట్టదని తేలుతది.

అన్నిటికన్న ఎక్కువ తప్పయ్యేది టైము కాడ. ఇసుక నిమిషాలల్ల దింపేస్తది. రేగడి ఉబ్బి సందులు మూసుకుంటది, నీళ్లు పైన్నే నిలబడ్తయి. పది నిమిషాలకు ఆపి లెక్క రాస్తె పైన నిలిచిన నీళ్లు గూడ నేల పట్టుకున్నట్టే రాసుకుంటరు. బొట్టు పడుడు ఆగేదాక చూడాలె, గంటలు పట్టినా సరే. అందాక గరాట్ల మీద పాలిథిన్ కప్పుండ్రి, ఉత్త గరాటు మీద గూడ. ఒక్కో నేలకు మూడు గరాట్లు పెడితె నమ్మకం ఉంటది.

చార్టు గీసేటప్పుడు నేలలకు కడ్డీల పటం గీయించుండ్రి, గీత పటం వద్దు. చెల్కకు, రేగడికి నడుమ ఇంకో అంకె లేదు కదా. ఉప్పు మోతాదులకైతె గీత పటం సరిపోతది.

దేవరకొండ_టీచర్

అందరికీ ధన్యవాదాలు. గుడ్డ గరాటు మాకెవరికీ తట్టలేదు. ఇంకో రెండు అడుగుతాను. ఒకటి, ఒకే బిందె నీళ్లు, ఒకే సంచి గింజలు, ఒకే సైజు ప్లేటు అని మార్చకుండా పెట్టుకున్న వాటిని కూడా పిల్లలు "కంట్రోల్" గడిలోనే రాస్తున్నారు. ఎలా విడదీయాలి? రెండు, పదో తరగతి పిల్లలు అర్ధపత్ర ప్రయోగం (సగం ఆకును సీసాలో, సగం బయట ఉంచి, పిండిపదార్థం తయారీకి కార్బన్ డై ఆక్సైడ్ కావాలని చూపేది) పెడదామంటున్నారు. అందులో సీసా బయట ఉన్న సగం ఆకే కంట్రోల్ అంటే సరిపోతుందా?

పాలమూరు_బయాలజీ

మొదటిదానికి నాలుగో గడి గీయించండి, "అన్నిటికీ ఒకేలా ఉంచినవి" అని. గింజల సంచి, టిష్యూ పొరలు, ప్లేట్లు పెట్టిన చోటు, లెక్కించిన గంట, ఇవన్నీ అందులోకి పోతాయి. కంట్రోల్ అన్న గడిలో ఒక ప్లేటు పేరో సీసా పేరో ఉండాలి, వేలు పెట్టి చూపించగలిగేది. "ఇది బల్ల మీద ఎక్కడుంది, చూపించు" అనండి. చూపించలేకపోతే అది నాలుగో గడిలోది.

బల్ల మీద ప్లేట్లు పెట్టే తీరు కూడా చూడండి. కంట్రోల్ ప్లేట్లన్నీ కిటికీ పక్కన, ఉప్పు ప్లేట్లన్నీ గోడ పక్కన పెడితే వేడిలో తేడా వచ్చేస్తుంది. చీటీలు తీసి ఏ ప్లేటు ఎక్కడో నిర్ణయించండి.

అర్ధపత్ర ప్రయోగంలో బయటి సగం మంచి కంట్రోలే. అదే ఆకు, అదే వయసు, అదే ఎండ. కానీ లోపలి సగానికి కార్బన్ డై ఆక్సైడ్ ఒక్కటే తక్కువైందా? సీసా లోపల వేడి ఎక్కువ, గాలి కదలదు, తేమ వేరు. పిండిపదార్థం తయారు కాకపోవడానికి అవీ కారణం కావచ్చు కదా అని ఎవరైనా అడిగితే బయటి సగం జవాబు చెప్పలేదు. అందుకని రెండో సీసా పెట్టండి. అలాంటి సీసా, అలాంటి బెండు మూత, అదే మొక్కకు ఇంకో ఆకు, కానీ కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చుకునే పొటాషియం హైడ్రాక్సైడ్ బదులు అంతే నీళ్లు. పిండిపదార్థం ఉంటే అయోడిన్‌తో ఆకు నీలమవుతుంది. ఆ సీసాలోని సగం నీలమై, మొదటి సీసాలోని సగం నీలం కాకపోతే అప్పుడు కార్బన్ డై ఆక్సైడ్ వైపు వేలు చూపించవచ్చు.

ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడీ 1668లో ప్రచురించిన మాంసం ప్రయోగంలోనూ (మాంసంలో పురుగులు వాటంతటవే పుడతాయా, ఈగల వల్లా అని చూసింది) ఇదే మెలిక ఉంది. తెరిచిన జాడీల్లో పురుగులు పట్టాయి, మూసినవాటిలో పట్టలేదు. మూస్తే గాలి కూడా ఆగింది కదా అన్న అభ్యంతరానికి జవాబుగా సన్నటి వల గుడ్డ కట్టిన జాడీలు పెట్టాడు. గాలి పోయింది, ఈగ పోలేదు, మాంసానికి పురుగు పట్టలేదు. పిల్లలకు నీళ్ల సీసా ఎందుకో చెప్పడానికి ఇది బాగా పనికొస్తుంది.

చేసేటప్పుడు జాగ్రత్తలు: కుండీ మొక్కను ముందు రెండు రోజులు పూర్తి చీకట్లో పెట్టి, ఒక ఆకు తెంపి అయోడిన్ వేసి చూడండి. అది నీలమైతే పాత పిండిపదార్థం ఇంకా ఉంది, మరో రోజు ఆగాలి. ఈ ఆకు కూడా కంట్రోలే, చార్టులో రాయించండి. బెండు నొక్కిన చోట సన్నటి పట్టీ నీలం కాదు, అక్కడ వెలుతురు లేదు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది, టీచరే పోయాలి, ఆకుకు తగలకూడదు. నాలుగైదు గంటల ఎండ తర్వాత ఆకులను ముందు నీళ్లలో ఉడికించి, ఆ పైన స్పిరిట్‌లో రంగు తీసేయాలి. స్పిరిట్ గిన్నెను నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టొద్దు. మంట ఆర్పేసి, పొయ్యి మీదినుంచి దింపిన వేడి నీళ్ల గిన్నెలో పెట్టండి. ఆకులను ఒకే గిన్నెలో వేసేటట్లయితే ఏది ఏ సీసాదో తెలిసేలా కాడకు దారం ముళ్లు వేయండి: ఒక ముడి పొటాషియం హైడ్రాక్సైడ్ సీసాది, రెండు ముళ్లు నీళ్ల సీసాది. సిరాతో రాస్తే స్పిరిట్‌లో చెరిగిపోతుంది.